తెర మీద గోదావరి, పటంలో గుజరాత్

ప్రశ్న: మార్కాపురం దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. సర్వీసు ఇరవై రెండేళ్లు. మా బడికి పెద్ద ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే డిజిటల్ తెర) వచ్చాక భూగోళం పాఠాలన్నీ వీడియోలతోనే చెబుతున్నాను. పిల్లలు కదలకుండా చూస్తారు. తీరా పరీక్షలో గోదావరిని పటంలో గుర్తించమంటే గుజరాత్‌లో గుర్తించినవాళ్లు ఉన్నారు. సుద్దముక్క రోజులే నయమనిపిస్తోంది. ప్రధానోపాధ్యాయుడు మాత్రం రోజూ ప్యానెల్ వాడాలి, వాడినట్లు రిజిస్టరులో రాయాలి అంటారు. నెట్ ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. పైగా ప్యానెల్ సంగతులు నాకంటే తొమ్మిదో తరగతి పిల్లలకే బాగా తెలుసు. వాళ్ల ముందు తడబడితే చిన్నతనంగా ఉంటోంది. నా డబ్బుతో ఒక ట్యాబ్ కొనుక్కుని ఇంట్లో సాధన చేద్దామా అని ఆలోచిస్తున్నాను. అసలు ఈ డిజిటల్ పద్ధతిలో పిల్లలకు భూగోళం వస్తుందా?
— ఒక ఉపాధ్యాయిని

సమాధానం:

అమ్మా, ముందు ఆ గుజరాత్ సంగతి చూద్దాం. ఆ పిల్లవాడికి సున్నా వేసి ఊరుకున్నారా, లేక అక్కడెందుకు పెట్టావని అడిగారా? అడగకపోతే రేపే అడగండి. గోదావరి పుట్టేది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. అక్కడి నుంచి అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్లు. గుజరాత్ సరిహద్దు ఇంకా దగ్గర. పడమటి సముద్రానికి అంత చేరువలో పుట్టిన నది దానికి వీపు చూపించి, తూర్పుగా 1,465 కిలోమీటర్లు నడిచి మన బంగాళాఖాతంలో కలుస్తుంది. వీడియోలన్నీ నది పుట్టుకతోనే మొదలవుతాయి. పిల్లవాడికి ఆ మొదటి బొమ్మ మిగిలింది, తర్వాతి ప్రయాణం జారిపోయింది. పుట్టినచోటును గుర్తుపెట్టుకుని చుక్క కొంచెం అటు పెట్టి ఉంటాడు. అలా అయితే అది తెలివితక్కువతనం కాదు, సగం నేర్చిన చదువు.

ఆ మిగతా సగం ఎక్కడ పోయిందంటే, వాడి చేతి దగ్గర. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లినవాణ్ణి దారి అడగండి, చెప్పలేడు. అదే దారిలో సైకిలు తొక్కినవాడు ఎక్కడ ఎత్తు వస్తుందో, ఎక్కడ మలుపు ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మీ ప్యానెల్ ఇప్పుడు బస్సులా నడుస్తోంది. పిల్లలు కదలకుండా చూస్తున్నారని రాశారు కదా, నాకు అనుమానం కలిగిందే ఆ మాట దగ్గర. భూగోళం తరగతిలో పిల్లలు కదలకుండా ఉన్నారంటే ఏదో తేడా ఉన్నట్టే.

నేను చెప్పదలచింది ఒక్కటే. పిల్లలు ముందు తమ ఊహను కాగితం మీద గీయాలి, ఆ తర్వాతే తెర తెరవాలి. గోదావరితోనే మొదలుపెట్టండి. భారతదేశం అవుట్‌లైన్ మ్యాప్ తలా ఒకటి ఇచ్చి, పుస్తకాలు మూయించి, పెన్సిలుతో గోదావరి గీయమనండి. తప్పు గీసినా మార్కులు పోవని ముందే చెప్పండి. అదే అవుట్‌లైను ప్యానెల్ మీద పెట్టి ముగ్గురిని పిలిచి మూడు రంగుల్లో గీయించండి. మూడు గోదావరులు వస్తాయి. తరగతిలో గోల మొదలవుతుంది, ఆ గోలను ఆపకండి. ఎవరిది సరైనదో ఎందుకో ఐదు నిమిషాలు వాదించుకోనివ్వండి. అప్పుడు అసలు నది ఉన్న పటాన్ని తెర మీదికి తెండి. తను గీసిన గీతకూ అసలు నదికీ మధ్య ఎంత ఎడముందో చూసుకున్న పిల్ల ఆ నదిని ఇక మరిచిపోదు. ఇందులో ప్యానెల్ పని చివరి రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల కోసమే అది కావాలి.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది దాటేస్తారు. పైనుంచి చూడడం పిల్లలకు పుట్టుకతో రాదు. ఉపగ్రహ చిత్రంలో మీ బడిని చూపించి ఇదేమిటని అడిగి చూడండి. సగం మంది గుర్తుపట్టరు, పెద్దలం మనమే తికమకపడతాం. ఇంటి ముఖం తెలుసు, వాకిలి తెలుసు. ఇంటి నడినెత్తి ఎప్పుడు చూశాం? అందుకని మొదటి వారం ఈ పాఠానికి తెర జోలికి పోకండి. బల్ల మీద జామెట్రీ పెట్టె, నీళ్ల సీసా, పుస్తకం పెట్టి, నిలబడి పైనుంచి చూస్తూ బొమ్మ గీయమనండి. సీసా గుండ్రంగా రావాలి. నిలువుగా గీసినవాళ్లకు ఇంకా పటం అందలేదన్నమాట. తర్వాత తరగతి గది, తర్వాత బడి ఆవరణ. అడుగులతో కొలిచి, పది అడుగులకు ఒక గడి చొప్పున గీయిస్తే స్కేలు అనే మాటకు అర్థం అదే తెలుస్తుంది. ఇదంతా అయ్యాక ఉపగ్రహ చిత్రంలో బడిని చూపించండి. తాము గీసిన ఆవరణనే ఆకాశం నుంచి ఎవరో ఫొటో తీశారని పిల్లలు కేకలు వేస్తారు.

ఇక మీ ప్రాంతం సంగతి. మీరు ఉన్నచోటు భూగోళం టీచరుకు దొరికిన అదృష్టం. వెనక నల్లమల, పక్కనే గుండ్లకమ్మ నది, కాస్త దూరంలో కంభం చెరువు. అమెజాన్ అడవుల వీడియో ఎందుకమ్మా?

కంభం చెరువుతో ఒక పాఠం ఇలా నడిపి చూడండి. విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు, వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. పాత కట్టడమైనా నేటికీ పనికొస్తున్నందుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఇంతవరకూ పుస్తక జ్ఞానం. ఇప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగండి: అంత పెద్ద చెరువుకు కట్ట ఎంత పొడవు ఉండాలి? నోటుపుస్తకంలో అంకె రాయమనండి. చెరువు పెద్దది కాబట్టి మైళ్ల కొద్దీ కట్ట ఉంటుందని ఎక్కువమంది రాస్తారు. అప్పుడు ఉపగ్రహ చిత్రాలతో భూమిని చూపే గూగుల్ ఎర్త్‌లో కంభం తెరిచి, చిత్రాన్ని వాల్చి, కొండలు లేచి కనిపించేలా పెట్టండి. అందులోనే ఉండే కొలబద్దతో కట్టను పిల్లల చేతే కొలిపించండి. నీటి విస్తీర్ణంతో పోలిస్తే కట్ట ఎంత పొట్టిదో కనబడుతుంది. ఎందుకు? రెండు కొండల మధ్య గుండ్లకమ్మ దూరి బయటపడే సందును పట్టుకుని అక్కడ మాత్రమే కట్ట వేశారు. మిగతా గోడలన్నీ కొండలే. ఐదు వందల ఏళ్ల కిందట, విమానం లేదు, ఉపగ్రహం లేదు, ఆ సందును కాలినడకన తిరిగి కనిపెట్టారు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు ఎప్పుడూ కొంచెం మారుతుంది, మీదీ మారనివ్వండి.

పాఠం అక్కడితో ఆపకండి. వెలిగొండ ప్రాజెక్టు గురించి మీ పిల్లల ఇళ్లలో మాట్లాడుకోని రోజు ఉండదు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని నల్లమల కింద సొరంగాల్లో తెచ్చి, కొండల మధ్య ఉన్న మూడు సందులను సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర ఆనకట్టలతో మూసి, నల్లమల సాగర్ అనే జలాశయంలో నిలపాలన్నది ఆలోచన. ఆ మూడు సందులను పేర్లు చెప్పకుండా తెర మీద పిల్లలనే వెతకమనండి. కంభం పాఠం అయిన మర్నాడు అయితే ఎవరో ఒకరు 'టీచర్, ఇది కంభం కట్టలాగే ఉంది' అంటారు. అన్నవాళ్లకు ఆ రోజు భూగోళం వచ్చినట్టే. వేరువేరు కాలాల్లో, వేరువేరు మనుషులు ఒకే నేలను చూసి ఒకే ఉపాయానికి వచ్చారని వీడియో చెబితే వినేసి ఊరుకుంటారు. తామే కనిపెడితే ఇంటికి వెళ్లి నాన్నతో చెబుతారు.

సొరంగం ఎందుకు, కాలువ తవ్వితే చాలదా అని కూడా అడగండి. కంప్యూటర్లో వేసుకునే గూగుల్ ఎర్త్ ప్రోలో, శ్రీశైలం జలాశయం ఒడ్డు నుంచి దోర్నాల వైపు కొండల మీదుగా ఒక గీత గీసి, ఆ గీత పేరు మీద మౌసు కుడి బొత్తాం నొక్కితే ఎత్తుపల్లాల రేఖాచిత్రం చూపే అవకాశం వస్తుంది. తెర అడుగున కొండల పక్కకోత కనబడుతుంది. మధ్యలో నల్లమల గోడలా లేస్తుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్లు. మార్కాపురం సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తులోనే ఉంది. నీళ్లు ఉన్నచోటు ఎత్తు, కావలసినచోటు పల్లం, మధ్యలో మాత్రం కొండ. 18 కిలోమీటర్లకు పైగా సొరంగం ఎందుకు తవ్వాల్సి వచ్చిందో ఆ ఒక్క రేఖాచిత్రం చెబుతుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖల పాఠం చెప్పడానికి నేను పాతికేళ్లు బంగాళాదుంపలను అడ్డంగా కోశాను. దుంప పద్ధతి చెడ్డదేమీ కాదు. అయితే ఆ కొండ మన కొండ అయినప్పుడు పిల్లల చూపే వేరుగా ఉంటుంది. అన్నట్టు, ఆ సాఫ్ట్‌వేరు చూపే ఎత్తుల్లో అక్కడక్కడా కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చు. నేల పోకడ తెలుసుకోవడానికి అవి చాలు, ఇంజనీరు లెక్కకు చాలవు. ఆ మాట కూడా పిల్లలకు చెప్పండి. తెర చెప్పిందల్లా నిజమనుకోకూడదని వాళ్లకు ఎవరో ఒకరు నేర్పాలి కదా.

అదే సాఫ్ట్‌వేరులో గడియారం బొమ్మ నొక్కితే పాత సంవత్సరాల చిత్రాలు వస్తాయి. వాటితో చెరువు నిండిన ఏడు, ఎండిన ఏడు చూపించవచ్చు. కానీ వరస మార్చండి. ముందు పిల్లలు ఇంట్లో తాతనూ అవ్వనూ అడిగి ఏ ఏడు చెరువు అలుగు పారిందో, ఏ ఏడు అడుగంటిందో రాసుకురావాలి. తర్వాతే చిత్రాలతో సరిచూడాలి. ఒక జాగ్రత్త చెబుతాను, ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. నవంబరు చిత్రాన్ని ఒక ఏడాది నుంచీ, మే చిత్రాన్ని మరో ఏడాది నుంచీ తీసుకుని పక్కపక్కన పెడితే ఏ చెరువైనా ఎండిపోయినట్టే కనబడుతుంది. చిత్రం మూల ఉన్న తేదీ చదవడం పిల్లలకు అలవాటు చేయండి. ఒకే నెల చిత్రాలనే పోల్చాలి. చెరువులో పచ్చగా కనిపించేదంతా నీరు కాదని, గుర్రపుడెక్క అయినా కంప చెట్లయినా కావచ్చని కూడా చెప్పండి. సందేహం వస్తే ఆదివారం ఆ వైపు వెళ్లే పిల్లవాడు చూసి వస్తాడు. అవ్వ చెప్పినదానికీ చిత్రం చూపినదానికీ పొంతన కుదరకపోతే ఇంకా మంచిది, ఒక పీరియడు మొత్తం దాని మీదే నడుస్తుంది.

రేఖాంశాల పాఠం పిల్లలకు చేదుమందు. దానికి ఒక ఫోను, ఒక కర్ర చాలు. భారత ప్రామాణిక కాలం 82°30′ తూర్పు రేఖాంశం మీద లెక్కకట్టింది, అది కాకినాడ దగ్గరగా పోతుందని బట్టీ పట్టిస్తాం. కాకినాడ పట్టణం నిజానికి 82°15′ దగ్గర ఉంది. ఆ రేఖ పట్టణానికి పాతిక కిలోమీటర్లకు పైగా తూర్పున, తుని పక్కగా పోతుంది. తెర మీద రేఖాంశాల గీతలు వేయించి, అది తీరాన్ని ఎక్కడ తాకుతుందో పిల్లలను వేలు పెట్టమనండి. 'దగ్గర' అన్న మాటకు కొలత ఉంటుందని అప్పుడు తెలుస్తుంది.

తర్వాత మీ బడి ఆవరణకు రండి. ఫోనులో జీపీఎస్ తెరిస్తే మీ రేఖాంశం 79°16′ దగ్గర్లో చూపుతుంది. ప్రామాణిక రేఖకు తేడా 3 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. డిగ్రీకి 4 నిమిషాలు కాబట్టి మీ ఊళ్లో సూర్యుడు నడినెత్తికి రావడం గడియారం పన్నెండు కొట్టిన 13 నిమిషాలకు. లెక్క బల్ల మీద వేసేశాం. ఇక నిజమో కాదో చూడాలి. ఎండలో నిటారుగా ఒక కర్ర పాతి, పదకొండున్నర నుంచి ఒంటిగంట వరకు ఐదు నిమిషాలకోసారి నీడ కొన దగ్గర గులకరాయి పెట్టించండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణమే మీ ఊరి మధ్యాహ్నం. ఏప్రిల్ మధ్యలో చేస్తే సరిగ్గా 12.13 దగ్గర వస్తుంది. ఆగస్టు రెండో వారంలో చేస్తే 12.18 వస్తుంది. లెక్క తప్పిందని కంగారు పడకండి. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదు, ఇరుసు వంగి ఉంది. ఆ రెండిటివల్ల సూర్యుడు ఆ రోజుల్లో గడియారం కంటే ఇంకో ఐదు నిమిషాలు వెనకబడతాడు. ఆగస్టు పదో తేదీ ప్రాంతంలో మీకు ఇంకో బహుమానం ఉంది. మీ అక్షాంశం 15°44′ దగ్గర. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా మీ నెత్తి మీదుగా పోతాడు, నిటారు కర్రకు నీడే ఉండదు. మే మొదటి వారంలోనూ ఇదే జరుగుతుంది కానీ అప్పుడు బడి ఉండదు. ఆగస్టులో మబ్బు పట్టవచ్చు, అందుకే రెండు మూడు రోజులు ప్రయత్నించండి. ఫోను చెప్పిన రేఖాంశాన్ని కర్ర నీడ నిజం చేసిందని చూసిన పిల్లలకు, ఆ తర్వాత ప్యానెల్ మీద భూమి తిరుగుతున్న బొమ్మ వేసి చూపండి. అప్పుడు ఆ బొమ్మ పిల్లలతో మాట్లాడుతుంది.

రుతుపవనాలకు ఎర్త్ నల్‌స్కూల్ అనే వెబ్‌సైటు బాగుంటుంది, గాలులు దారపు పోగుల్లా కదులుతూ కనబడతాయి. జులైలో ఒక తేదీ, డిసెంబరులో ఒక తేదీ పెట్టి గాలి దిక్కు తిరగబడడం చూపించండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను ఆ తేదీ పెడితే కనబడుతుంది. సుడి ఏ వైపు తిరుగుతుందో ముందు పిల్లలతో చెప్పించాకే తెరవాలన్న షరతు దీనికీ వర్తిస్తుంది.

గ్రీన్‌లాండ్ సంగతి కూడా ఒక పది నిమిషాలు పెట్టుకోండి. గోడ మీది బల్లపరుపు పటాల్లో చాలావాటిలో గ్రీన్‌లాండ్ మన దేశాన్ని మింగేసేంత పెద్దగా కనబడుతుంది. అసలు లెక్కలో మన దేశం దాదాపు 33 లక్షల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ 22 లక్షల లోపు. 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు నావికుల సౌకర్యం కోసం గీసిన పద్ధతి అది. దిక్కులు నిలబెట్టడానికి ధ్రువాల వైపు నేలను సాగదీసింది. అలాంటి పటం మీద హైదరాబాద్ నుంచి చికాగోకు స్కేలుతో గీత గీయించండి, అది అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్‌ల మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం బిగించి పట్టండి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. ఊళ్లో ఎవరి పిల్లలో ఒకరు అమెరికాలో ఉండే ఉంటారు. ఆ విమానం ఎందుకు అంత పైకి వెళ్తుందో ఇంట్లోవాళ్లకు వివరించే అవకాశం మీ విద్యార్థికి దొరుకుతుంది.

నెట్ గురించి రాశారు. నెట్‌ను నమ్ముకుని తరగతికి వెళ్లడం, వానను నమ్ముకుని మిరప నాటడం ఒకటే. గూగుల్ ఎర్త్ ప్రో మీరు చూసిన ప్రాంతాల చిత్రాలను కంప్యూటర్లో 2 జీబీ వరకు దాచుకుంటుంది. ముందురోజు రాత్రి నెట్ ఉన్నచోట లాప్‌టాప్‌లో కంభం, దోర్నాల, శ్రీశైలం అన్నీ దగ్గరగా వెళ్లి ఒకసారి చూసి రండి. మర్నాడు అదే లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో ప్యానెల్‌కు కలిపితే నెట్ లేకపోయినా ఆ ప్రాంతాలు తెరుచుకుంటాయి. బడిలో లాప్‌టాప్ లేకపోతే కావలసిన చిత్రాలు నాలుగైదు ఫొటోలుగా తీసి పెన్‌డ్రైవులో పెట్టుకోండి. కరెంటు కూడా పోతే చేతిలో కాగితం పటం ఎలాగూ ఉంది. దానికి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే ఎత్తుపల్లాలు, వాగులు, ఊళ్లు వివరంగా చూపే పటాలు వాడండి. 1767లో పుట్టిన ఆ సంస్థ 2017 నుంచి వాటిని నెట్‌లో ఉచితంగా ఇస్తోంది. నా ఉద్యోగం తొలి రోజుల్లో తీర ప్రాంతపు టోపోషీటు మామూలు మాస్టరుకు దొరికేదే కాదు, అది రక్షణ రహస్యం. మీ ఊరి 1:50,000 షీటు ఒకటి పెద్దగా అచ్చు వేయించి గోడకు అతికించండి. మన హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ దూర సంవేదన కేంద్రం) నడిపే ఇస్రో వారి పటాల వెబ్‌సైటు భువన్‌ను కూడా చూడండి. 2009 నుంచి ఉంది. గూగుల్ అంత చురుగ్గా కదలదు కానీ పంట భూమి ఎంత, అడవి ఎంత, నీరెంత అని రంగుల్లో విడదీసి చూపే పటాలు అందులో ఉన్నాయి.

సరిహద్దుల విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. వెతకగానే దొరికిన భారతదేశ పటాన్ని ప్యానెల్ మీద పెట్టేయకండి. బయటి దేశాల్లో తయారైన వాటిలో కశ్మీర్, అక్సాయ్‌చిన్ సరిహద్దులు వేరుగా ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా ఉన్నదాన్ని ప్రచురించడం మన దేశంలో నేరం కూడా. రాజకీయ పటం ఎప్పుడూ సర్వే ఆఫ్ ఇండియాదే తీసుకోండి. ఇక ఊళ్ల పేర్లు. ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి యంత్రం మళ్లీ తెలుగులోకి మార్చిన పేర్లు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మీ చుట్టుపక్కల పేర్లలో తప్పులు పట్టించడం పిల్లలకు మంచి పని. కావాలంటే ఎవరైనా మార్పులు చేయగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే నెట్ పటంలో తెలుగు పేర్లను మనమే సరిదిద్దవచ్చు. చెరువులు, వాగులు, గుట్టలు గుర్తించండి. ఎవరి ఇల్లు ఏదో, ఏ పిల్ల ఎక్కడ ఉంటుందో నలుగురూ చూసే పటంలో పెట్టకండి. ఊరి బోర్లు, కుళాయిలు, ఫ్లోరైడు ఉందని ఊళ్లో చెప్పుకునే నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం వేయించాలనుకుంటే అది కాగితం మీద వేయించి బడిలోనే ఉంచండి.

పిల్లలకు ఎక్కువ తెలుసని చిన్నతనం ఎందుకమ్మా? వాళ్లకు బొత్తాలు తెలుసు, మీకు గుండ్లకమ్మ తెలుసు. వేలు వాళ్లది, ప్రశ్న మీది అని పని పంచుకోండి. 'ఇది ఎలా తెరవాలో నాకు రాదు, చూపించు' అని తరగతి ముందు అడిగిన టీచరును పిల్లలు చులకన చేయడం నేను చూడలేదు, రానిది వచ్చినట్టు నటించినవారిని చేయడం చూశాను. అయితే ఒకటి గమనించండి. ప్యానెల్ పెన్ను దాదాపు ప్రతి బడిలోనూ ముగ్గురు మగపిల్లల చేతుల్లోనే తిరుగుతుంది, ఆడపిల్లలు వెనక వరస నుంచి సరైన జవాబు చెబుతుంటారు. హాజరుపట్టీ వరసలో రోజుకొకరికి పెన్ను ఇవ్వండి. చూపు సరిగా లేని పిల్లలు ఉంటే అవుట్‌లైన్ మీద ఫెవికాల్‌తో దారం అతికించి నదిని వేలితో తడమనివ్వండి. ఆ పటం మిగతా పిల్లలు కూడా అడిగి తీసుకుంటారు.

మీ ప్రధానోపాధ్యాయుడితో గొడవ పడకండి. రోజూ వాడమన్నారు, గంటంతా వాడమనలేదు కదా. రెండు నిమిషాలు వాడినా వాడినట్టే. రిజిస్టరులో వీడియో పేరుకు బదులు ఆ రోజు పిల్లలు తెర చూడకముందు ఏమి ఊహించారో, చూశాక ఏమి మార్చుకున్నారో ఒక వాక్యం రాయండి. నెల తిరిగాక ఆ పేజీలు ఆయనకు చూపించండి. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపడానికి అంతకంటే మంచి కాగితం ఆయనకు దొరకదు. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడు వీడియోలను మానేయమని కూడా అనను. పాఠం అయ్యాక, పునశ్చరణకు, ధ్వని ఆపేసి వేయండి. వ్యాఖ్యానం పిల్లలు చెప్పాలి. మొదటిసారి ఎవరికీ నోరు పెగలదు, మూడోసారికి ఆపలేరు.

చివరిగా ట్యాబ్ సంగతి. కొనకండి. సాధన బడి ప్యానెల్ మీదే, సాయంత్రం ఒక అరగంట, ఇద్దరు విద్యార్థులను పక్కన పెట్టుకుని చేయండి. చెయ్యి దురద పెడుతుంటే ఒక మంచి గ్లోబు, ఒక దిక్సూచి, ఒక పురికొస ఉండ, వంద అవుట్‌లైన్ మ్యాపులు కొనండి. పలకలు చేసి దేశమంతా పంపిన ఊరి పక్కన ఉన్నారు కాబట్టి, వీలైతే తలా ఒక మార్కాపురం పలక కూడా. ఊహ గీయడానికి, తప్పయితే చీరచెంగుతో తుడిచి మళ్లీ గీయడానికి దాన్ని మించిన తెర లేదు.